పెదవులు ఒకరివి, గొంతు ఇంకొకరిది

(అనంతపురంలో 'సింగింగ్ ఇన్ ది రెయిన్' సినిమా వేసి చూపించినాక చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. లైట్లు వేయగానే సగం కుర్చీలు ఖాళీ అవుతాయనుకున్నా. ఎవరూ కదల్లేదు, సంతోషం. డెబ్భై ఏళ్ళు దాటిన ఇంగ్లీషు సినిమా, పైగా కింద అక్షరాలు చదువుకుంటా చూడాల. అయినా మైకు సీను వచ్చినప్పుడు ముందు వరుసలో పిల్లకాయలు పొట్ట పట్టుకుని నవ్వినారు. ఆ నవ్వు విన్నాక, నేను రాసుకొచ్చిన కాగితాలు జేబులోనే ఉండనిద్దాం అనిపించింది. ఆ మైకు గురించీ, గొంతు గురించీ మాట్లాడతా. తక్కినవి మీరు చూసినారు కదా.

ముందు రెండు ముక్కలు, ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం. 1952లో ఎం.జి.ఎం. వాళ్ళు తీసిన సినిమా ఇది. డైరెక్టర్లు ఇద్దరు: హీరో వేసిన జీన్ కెల్లీ, స్టాన్లీ డోనెన్. రాసినవాళ్ళూ ఇద్దరే: బెట్టీ కామ్డెన్, అడాల్ఫ్ గ్రీన్. దీని పుట్టుకే ఒక తమాషా. నిర్మాత ఆర్థర్ ఫ్రీడ్ ఒకప్పుడు పాటలు రాసేవాడు, నాసియో హెర్బ్ బ్రౌన్ బాణీలు కట్టేవాడు. ఆ పాత పాటలన్నీ మూటగట్టి ఈ ఇద్దరు రచయితల ముందు పడేసి, వీటికి సరిపోయే కథ ఒకటి అల్లండి అన్నారు. కథకు పాటలు రాయించుకోవడం మనకు తెలుసు, పాటలకు కథ రాయించుకోవడం ఇదీ! టైటిల్ పాట కూడా 1929లోనే వేరే సినిమాలో వచ్చేసిందే. ఆ పాటల్లో చాలావరకు టాకీలు కొత్తగా వచ్చిన రోజులవి. అందుకని రచయితలు కథను కూడా ఆ రోజులకే తీసుకుపోయినారు. అంటే 1927కు.

1927 అక్టోబరులో వార్నర్ బ్రదర్స్ 'ది జాజ్ సింగర్' విడుదల చేసినారు. తెర మీద మనిషి పాడినాడు, రెండు మాటలు మాట్లాడినాడు. జనం ఎగబడినారు. అంతే, మూకీ సినిమాలు తీసేవాళ్ళకు నిద్ర పట్టలేదు. మనం చూసిన కథలో స్టూడియో ఓనరు సింప్సన్ పరిస్థితి అదే. సగం తీసిన మూకీని ఆపి, 'దీన్ని టాకీ చేయండి' అంటాడు. ఎట్లా చేయాలో ఆయనకూ తెలీదు, డైరెక్టరుకూ తెలీదు. పనివాళ్ళకంతా ఒకే రోజు పని మరిచిపోయినట్టయింది. ఈ సినిమాలోని నవ్వు అంతా అక్కడినుంచి పుట్టిందే.

మైకును ముందు పొదలో దాచినారు. హీరోయిన్ లీనా లామాంట్ తల ఇటు తిప్పితే మాట వినబడుతుంది, అటు తిప్పితే గాలి. డైరెక్టరు నెత్తి కొట్టుకుని మైకును ఆమె గౌనులో, గుండెల దగ్గర కుట్టించినాడు. ఈసారి మాటకంటే ముందు గుండె దడదడ వినబడింది. అది కూడా కుదర్లేదని భుజం మీద పువ్వులో పెట్టి, తీగ కింద నుంచి లాగినారు. అప్పుడే లోపలికొచ్చిన ఓనరు, ఈ తీగ ఏంది అడ్డంగా, ఎవరైనా తట్టుకుని పడతారు అని పట్టి ఒక్క లాగు లాగినాడు. లీనమ్మ కాళ్ళు పైకి!

(నవ్వులు)

ఇదేదో నవ్వించడానికి అల్లింది అనుకోవద్దు. ఆ రోజుల్లో మైకును పూలకుండీల్లో, బల్ల మీద సామాన్లలో, చెట్ల కొమ్మల్లో దాచేవాళ్ళు. కెమెరా తిరుగుతుంటే బరబరా శబ్దం వచ్చేది, దాన్ని మైకు పట్టేసేది. అందుకని కెమెరానూ, కెమెరామెన్‌నూ కలిపి అద్దాల పెట్టెలో పెట్టి తలుపు మూసేవాళ్ళు. గాలి ఆడదు, లోపల ఉడికిపోవాల. డైరెక్టరు అద్దం వెనకాల నిలబడి గింజుకుంటున్నాడే, ఆ పెట్టె అదే. 1920ల్లో ఎగిరి దూకిన కెమెరా టాకీ రాగానే గుంజకు కట్టేసిన ఎద్దు మాదిరి అయిపోయింది.

ఈ మైకు బాధ మన జిల్లావాళ్ళకు కొత్తేమీ కాదు. మా చిన్నాయన మైక్ సెట్టు నడిపేవాడు. పెళ్ళిళ్ళు, జాతర్లు, ఎలక్షన్లు, అన్నిటికంటే ఎక్కువగా పద్యనాటకాలు. వేసవి సెలవుల్లో బ్యాటరీలు మోయడానికి నన్ను వెంటబెట్టుకుని పోయేవాడు. స్టేజీకి నడిమధ్యన దూలానికి ఒక మైకు వేలాడదీసేవాడు, హార్మోనియం దగ్గర ఇంకొకటి. అంతే, రాత్రంతా ఆ రెండే. దానివల్ల ఏమయ్యేదంటే, హరిశ్చంద్రుడు కాటికాపరి అయినా, రాజు అయినా, పద్యం ఎత్తుకోవాలంటే నడిమధ్యకే రావాల. విశ్వామిత్రుడు కోపంగా అటు తిరిగి పోతా పోతా, పద్యం గుర్తొచ్చి మళ్ళీ వెనక్కొచ్చి మైకు కింద నిలబడి, పాడి, మళ్ళీ కోపంగా పోయేవాడు. ఒక ఊళ్ళో అయితే లోహితాస్యుణ్ణి పాము కరిచి పిల్లోడు స్టేజీ చివర పడినాడు. చంద్రమతి ఏడుస్తా పరిగెత్తుకొచ్చింది. ఏడుపు ఎవరికీ వినబడట్లా. వెనక నుంచి ఒకాయన, "యమ్మా, మైకు కాడికి రామ్మా!" అని కేక. ఆమె ఏం చేస్తుంది పాపం, పిల్లోణ్ణి చంకల కింద పట్టి ఈడ్చుకుంటా మైకు కిందికి తెచ్చి, అక్కడ పడుకోబెట్టి, అప్పుడు శోకం మొదలుపెట్టింది. శవం కూడా సహకరించింది, కాళ్ళతో తోసుకుంటా వచ్చినాడు.

(నవ్వులు, చప్పట్లు)

జనం ఏమీ అనుకోలేదు. మూడు సార్లు ఒన్స్ మోర్ అన్నారు. కానీ సినిమాలో అట్లా జరిగితే ఒప్పుకోరు కదా. నాటకం ముందు కూర్చున్నోడు, అది నాటకమని తెలిసే నమ్ముతాడు. సినిమా ముందు కూర్చున్నోడికి అతుకు కనబడకూడదు. ఈ తేడానే సినిమా తీసేవాళ్ళను చంపుకు తింటుంది, రచయితలకేమో కామెడీ పండిస్తుంది.

మన దేశంలో టాకీ వచ్చినప్పుడు జరిగినవి వింటే, కామ్డెన్, గ్రీన్ ఊరికే కల్పించి రాయలేదని మీకే తెలుస్తుంది. 'ఆలం ఆరా', 1931 మార్చి 14, బొంబాయి. స్టూడియో పక్కనే రైలు పట్టాలు. పగలు తీస్తే రైలు కూత కూడా సినిమాలో నటిస్తుంది. అందుకని రైళ్ళు తిరగని అర్ధరాత్రి వేళ తీసినారు. హీరో మాస్టర్ విఠల్ మూకీల్లో కత్తియుద్ధాల మొనగాడు. మనం చూసిన సినిమాలో హీరో డాన్ లాక్‌వుడ్ మాదిరే. ఆయన వేరే స్టూడియోతో ఉన్న ఒప్పందం వదిలేసి ఇక్కడికొస్తే, వాళ్ళు కోర్టుకు పోయినారు. విఠల్ తరఫున వాదించి గెలిపించిన లాయరు ఎవరనుకున్నారు? మహమ్మదాలీ జిన్నా! ఇంత గొడవపడి తెచ్చుకున్న హీరో తీరా నోరు తెరిస్తే హిందుస్తానీ సరిగా రాలేదు. ఏం చేయాల? కథలో ఆయన్ను చాలావరకు మైకంలో ఉన్నట్టు చూపించి గట్టెక్కినారు. లీనా లామాంట్‌కు ఈ ఉపాయం ఎవరూ చెప్పినట్టు లేదు.

అదే ఏడాది అక్టోబరు 31న 'కాళిదాస్' వచ్చింది. తీసింది మన హెచ్.ఎం. రెడ్డి గారు. అందులో టి.పి. రాజలక్ష్మి తమిళం మాట్లాడుతుంది, హీరో తెలుగులో జవాబు చెప్తాడు, ఎల్.వి. ప్రసాద్ హిందీ మాట్లాడతారు. ఒకరి మాట ఒకరికి అర్థమైందా అని ఎవరూ అడగలేదు. తెర మీద బొమ్మ మాట్లాడుతోంది, అది చాలు. ఆ మరుసటేడు 1932 ఫిబ్రవరి 6న 'భక్త ప్రహ్లాద'తో అన్నీ తెలుగులోకి వచ్చినాయి.

ఇక రెండో గొప్ప సీను. మనం చూసిన కథలో లీనా వాళ్ళు తీసిన టాకీని జనానికి ముందుగా వేసి చూపిస్తారే, ప్రివ్యూ. ముత్యాల దండ సవరించుకుంటే రాళ్ళు దొర్లినట్టు మోత. హీరో 'ఐ లవ్ యూ, ఐ లవ్ యూ' అని తిప్పి తిప్పి చెప్తుంటే జనం పకపకా నవ్వుతారు. మూకీ తార జాన్ గిల్బర్ట్ మొదటి టాకీల్లో పడిన పాట్లను ఎగతాళి చేసిన సీనని చాలామంది అంటారు. చివరికి బొమ్మకూ శబ్దానికీ లంకె తెగిపోతుంది. విలన్ తల ఊపుతుంటే లీనా గొంతుతో 'నో నో నో', లీనా తల అడ్డంగా ఊపుతుంటే విలన్ బొంగురు గొంతుతో 'యెస్ యెస్ యెస్'. ఆడమనిషి నోట్లోంచి మగగొంతు.

ఇది మీరు ఎక్కడో చూసినారు. ఇంతకంటే బాగా చూసినారు. 'మాయాబజార్', 1957. ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో ఉన్నాడు. 'అహ నా పెళ్ళియంట' అని సుశీలమ్మ గొంతుతో సావిత్రి సిగ్గుపడుతుంటుంది. మధ్యలో ఉన్నట్టుండి ఘంటసాల గొంతు పలుకుతుంది! ఆ పొగరు నడక, వెంటనే ఎవరైనా చూసినారేమోనని సర్దుకోవడం. తీసింది ఎవరు? ఇక్కడికి దగ్గర్లోని తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డి గారు. వాహినిలో క్యాషియరుగా లెక్కలు రాసుకుంటా సినిమా నేర్చుకున్న మనిషి. ఆయన హాలీవుడ్ సినిమా చూసి తీసినారని నేను అనడం లేదు, మాయవేషం మన కథల్లో ఎప్పటినుంచో ఉంది. నేను గమనించింది వేరే. హాలీవుడ్‌వాళ్ళకు గొంతు మారడం యంత్రం చేసిన పొరపాటు, నవ్వుకున్నారు. కె.వి. రెడ్డి దాన్నే పాత్రగా మార్చినారు. సావిత్రి శరీరంలో రంగారావును మనం చూడగలిగినామంటే, సగం పని ఆమె నటనది, సగం ఆ గొంతుది. ప్లేబ్యాక్ అనే కిటుకును దాచిపెట్టకుండా, ఇదిగో చూడండి అని తెర మీద పెట్టి మరీ నవ్వించినారు. నన్నడిగితే ఈ ఒక్క విషయంలో తాడిపత్రాయనకే ఎక్కువ మార్కులు వేస్తా.

(చప్పట్లు)

చప్పట్లు ఊరి అభిమానంతో కొట్టినారని తెలుసులే.

ఇప్పుడు అసలు సంగతి. కథలో లీనా గొంతు కీచుగా ఉంటుంది. అందుకని క్యాథీ అనే పిల్ల, డెబ్బీ రేనాల్డ్స్ వేసింది, తెర వెనక నిలబడి లీనాకు మాటలు చెప్తుంది, పాటలు పాడుతుంది. చివర్లో తెర లాగేస్తారు, నిజం బయటపడుతుంది, మనం చప్పట్లు కొడతాం. న్యాయం జరిగింది అని.

కానీ ఈ సినిమా తీసినప్పుడు ఏం జరిగిందో చూడండి. క్యాథీ లీనా కోసం 'వుడ్ యూ' అనే పాట పాడుతున్నట్టు చూపిస్తారు కదా, ఆ గొంతు డెబ్బీ రేనాల్డ్స్‌ది కాదు. బెట్టీ నోయెస్ అనే గాయని పాడింది. ఇంకోచోట క్యాథీ లీనాకు మాటలు డబ్బింగ్ చెప్తుంది. ఆ మాటలు చెప్పింది ఎవరు? లీనా వేషం వేసిన జీన్ హేగనే! ఆమె అసలు గొంతు చక్కగా, నిండుగా ఉండేది. ఆ కీచుగొంతు ఆమె నటన. అంటే, జీన్ హేగన్‌కు డబ్బింగ్ చెప్తున్న డెబ్బీకి, జీన్ హేగనే డబ్బింగ్ చెప్పింది. నిదానంగా ఆలోచించుకోండి, తల తిరుగుతుంది.

వేరేవాళ్ళ గొంతు దొంగిలించడం తప్పు అని చెప్పే సినిమా, ఆ పనే చేసి, ఆ బెట్టీ నోయెస్ పేరు టైటిల్స్‌లో కూడా వేయలేదు. తెర లాగి క్యాథీని చూపించినారు. నోయెస్ ముందున్న తెర లాగేవాడు లేకపోయినాడు. సినిమా అంటే నాకు ప్రాణం, అయినా ఈ మాట చెప్పక తప్పదు.

ఇంకో మాట కూడా అంటా, మీరు ఒప్పుకోకపోవచ్చు. లీనాకు ఈ కథ అన్యాయం చేసింది. ఆమె తెలివితక్కువది, అసూయపరురాలు, నిజమే. కానీ ఆమెకు చెప్పకుండా ఆమె నోట్లో ఇంకొకరి గొంతు పెట్టింది ఎవరు? హీరో, ఆయన స్నేహితుడు, ఓనరు. ఆ స్టూడియో మొత్తంలో ఒప్పంద పత్రం చదివినది లీనా ఒక్కతే! మీరు నా గురించి ఇట్లా రాస్తే కోర్టుకు లాగుతా అని కాగితం చూపిస్తుందే, అక్కడ ఆమె చెప్పింది ముమ్మాటికీ సరైన మాట. సినిమా మటుకు ఆమెను వెయ్యి మంది ముందు నవ్వులపాలు చేసి పంపించేసింది. జీన్ హేగన్‌కు సహాయనటిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది, అవార్డు రాలేదు. అది గ్లోరియా గ్రాహంకు పోయింది. 'ది బ్యాడ్ అండ్ ది బ్యూటిఫుల్' అనే సినిమాకు. అది కూడా హాలీవుడ్ తెర వెనక కథే, కాకపోతే నవ్వులు లేని కథ.

మన దగ్గర సంగతి ఏంది? పాటలకైతే మనం ఎప్పుడో ఒప్పుకున్నాం. ఘంటసాల, సుశీల, జానకి, బాలు పేర్లు హీరోల పేర్లతో సమానంగా చెప్పుకుంటాం. మాటల దగ్గరికొచ్చేసరికే మరుగు. కమల్ హాసన్ తెలుగులో మాట్లాడుతుంటే అది బాలు గారి గొంతని చాలా ఏళ్ళు ఎంతమందికి తెలుసు? 'అంకుశం', 1989, రాజశేఖర్ పోలీసు వేషంలో గర్జిస్తుంటే మన హాళ్ళు అదిరిపోయినాయి. ఆ గర్జన సాయికుమార్‌ది. సుమన్‌కూ ఆయనే, రజనీకాంత్‌కూ కొన్నిటికి ఆయనే. తర్వాత 1996లో 'పోలీస్ స్టోరీ' వచ్చింది. తెర మీద కొత్త ముఖం, గొంతు మాత్రం ఏళ్ళ తరబడి విన్నదే. హాల్లో నా పక్కన కూర్చున్నాయన, "ఈ యప్పకు రాజశేఖర్ గొంతు పెట్టినారే!" అన్నాడు. చూసినారా? గొంతు గలవాడే వచ్చి నిలబడితే, అరువు తెచ్చుకున్నాడని అనుకున్నాం.

(నవ్వులు)

సాయికుమార్ తమ్ముడు రవిశంకర్ సంగతి ఇంకా దగ్గరిది. 'అరుంధతి', 2009. ఆ కోట మన పక్కనున్న బనగానపల్లె నవాబు బంగళా. పశుపతిగా కనబడింది సోనూ సూద్, భయపెట్టింది రవిశంకర్ గొంతు. అప్పటినుంచి ఆయన్ను 'బొమ్మాళి రవిశంకర్' అంటున్నారు, పాత్ర పలికిన మాటే ఇంటిపేరైపోయింది. నంది అవార్డుల్లో డబ్బింగు కళాకారులకు విడిగా బహుమతి పెట్టడం మంచి పని. ఇక హీరోయిన్ల గొంతుల గురించి మొదలుపెడితే రాత్రవుతుంది. సరిత, రోజారమణి, శైలజ, సునీత, చిన్మయి. వీళ్ళంతా ఒక రోజు సమ్మె చేస్తే మన హీరోయిన్లలో సగం మంది మూకీలోకి పోతారు.

సినిమాలో నాకు నచ్చనిది ఒకటుంది, చెప్పి ముగిస్తా. చివర్లో ఆ పెద్ద బ్రాడ్‌వే డాన్సు. సిడ్ చారిస్ అద్భుతంగా ఆడింది, కాదనను. కానీ కథకూ దానికీ సంబంధం లేదు, పది నిమిషాలు దాటినా అయిపోదు. మీలో కొందరు బయటికి పోయి టీ తాగొచ్చినారు, నేను చూసినా. తప్పులేదు.

ఏవైనా అడగాలంటే అడగండి.

ప్రశ్న: సార్, వాన పాటలో నీళ్ళలో పాలు కలిపినారంట, వాన తెల్లగా కనబడాలని. నిజమేనా?

పాలు కలపలేదు నాయనా. చాలా చోట్ల రాస్తుంటారు, అది నిజం కాదు. వానను ముందునుంచి లైటు వేస్తే కెమెరాకు కనబడదు. వెనకనుంచి వేస్తే ప్రతి చుక్కా మెరుస్తుంది. కెమెరామెన్ హెరాల్డ్ రాసన్ చేసింది అదే. మన మార్కస్ బార్ట్‌లే స్టూడియోలో వెన్నెల కాయించినాడే, ఆ కోవ పనితనం. ఆ వీధి స్టూడియో సెట్టు. పగలే తీసినారు, పైన టార్పాలిన్లు కప్పి రాత్రి చేసినారు. కెల్లీ ఎక్కడ కాలేసి నీళ్ళు చిమ్మాలనుకున్నాడో అక్కడ గుంతలు తవ్వించినారు. ఇంకో కథ కూడా చెప్పుకుంటారు. సాయంత్రం అయ్యేసరికి పైపుల్లో నీళ్ళు సన్నగిల్లేవంట. ఎందుకని ఆరా తీస్తే, చుట్టుపక్కల జనం పనుల నుంచి ఇంటికొచ్చి తోటలకు నీళ్ళు పెట్టుకుంటున్నారంట. నీళ్ళ ప్రెషరు బాధ అనంతపురానికే అనుకున్నాం, హాలీవుడ్‌లో కూడా ఉంది.

(నవ్వులు)

జ్వరం మటుకు నిజం. కెల్లీ ఆ పాట చేసేటప్పుడు 103 డిగ్రీల జ్వరంతో ఉన్నాడు. ఉన్ని సూటు తడిసి తడిసి ఒంటిమీదే కుంచించుకుపోతుంటే, గొడుగు మూసేసి అట్లా ఎగిరినాడు. ఆ అడుగుల టపటపలు కూడా తర్వాత స్టూడియోలో విడిగా రికార్డు చేసి అతికించినవే.